అంతర్జాలము, గ్రామ పంచాయతీ: తెరచియుంచుట వలన మేలు

కర్నూలు-కడప కాలువ క్రింద సేద్యము చేయు నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల రైతులకు ఒక సంగతి అనుభవమున తెలియును. కాలువకు నీరు ఎంత వచ్చుననుట యెంత ముఖ్యమో, ఎవరి వంతు ఎప్పుడో అందరికిని తెలిసియుండుట అంత ముఖ్యము. వంతుల జాబితా ఒక్కరి చేతిలోనే యున్నచో కాలువ చివరి రైతునకు అనుమానము తప్పదు. కంప్యూటరు, అంతర్జాలముల విషయమును ఇట్టిదే. నేడు పంచాయతీ పద్దులు, పన్నులు, ధ్రువపత్రములు యంత్రముల ద్వారా నడచుచున్నవి. వానిలోని సమాచారము ఎవరికి తెరచియున్నది, ఎవరికి మూసియున్నది అను ప్రశ్న చాగలమర్రి వంటి మండల కేంద్రమునకును, దాని చుట్టునున్న పల్లెలకును సంబంధించినదే.

ఒకే వారములో రెండు మార్పులు

పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన 73వ సవరణ 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చినది. సరిగా ఆరు దినములకు, ఏప్రిలు 30న, ఐరోపా ఖండమునందలి సెర్న్ అను పరిశోధనా సంస్థ వేరొక నిర్ణయమును ప్రకటించినది. అచట పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్ అను పద్ధతిని ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ఆ ప్రకటన సారాంశము.

ఆ కాలముననే అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయము వారి గోఫర్ అను పద్ధతియు ప్రచారములో నుండెను. దానిని నడుపుటకు కొందరి వద్ద రుసుము వసూలు చేయుదుమని విశ్వవిద్యాలయము 1993లో తెలిపినది. వాడుకరులు క్రమముగా దానిని విడిచి వెబ్‌ను ఆశ్రయించిరి. తలుపు తీసియున్న ఇంటికే జనము చేరుదురు గదా!

మన దేశమున సామాన్య ప్రజలకు అంతర్జాల సేవ 1995 ఆగస్టు 15న ఆరంభమైనది. నాడు పట్టణమునందలి కార్యాలయములలో మాత్రమే కనిపించిన కంప్యూటరు నేడు చేతిలోని ఫోనుగా మారినది. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వము ‘మన మిత్ర’ అను పేరుతో 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించుట ప్రారంభించినది. మార్గము సులభమగుచున్నది, కాని సమాచారము నిలువయుండు యంత్రములు మన ఊరికి దూరమగుచున్నవి. కనుకనే తెరచియుంచుటను గూర్చి నేడు మరింత శ్రద్ధ అవసరము.

తెరచియుంచుట అనగా నేమి?

ఇది మూడు విధములు. మొదటిది సమాచారము. 2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ సెక్షను ప్రకారము, ఎవరును అర్జీ పెట్టకమునుపే ప్రభుత్వ సంస్థలు తమ విధులు, బడ్జెటు, వ్యయము మొదలగు వానిని స్వయముగా ప్రకటింపవలయును. 2020 ఏప్రిలు 24న ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ నందు పంచాయతీల ప్రణాళికలు, చెల్లింపులు ఎవరైనను చూడవచ్చును.

రెండవది అక్షరము. పూర్వము ఒక ఖతితో టైపు చేసిన తెలుగు తీర్మానము, ఆ ఖతి లేని కంప్యూటరులో తెరచినచో అర్థము కాని గుర్తులుగా కనబడెడిది. వ్రాసిన పంచాయతీయే తన తీర్మానమును చదువుకొనలేని దుస్థితి! 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణములో తెలుగునకు స్థానము లభించుటచే ఈ చిక్కు తీరినది. మండలి, రామభద్ర, మల్లన్న మొదలగు తెలుగు ఖతులు అందరును ఉచితముగా వాడుకొను అనుమతితో లభించుచున్నవి.

మూడవది సాఫ్ట్‌వేరు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ అను సాఫ్ట్‌వేరును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. మనలో అనేకులు వాడు ఆండ్రాయిడ్ ఫోనుకు పునాది అదియే.

మన రాష్ట్రపు అనుభవము

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మస్టర్లు, చెల్లింపుల వివరములు అంతర్జాలమున నుంచబడినవి. అంతటితో పని ముగియలేదు. 2006 నుండి సామాజిక తనిఖీ బృందములు ఆ వివరములను తీసికొని ఇంటింటికి వెళ్ళి, పని చేసిన వారికి చదివి వినిపించినవి. “ఇన్ని దినములు పనిచేసితివా? ఈ పైకము ముట్టినదా?” అని అడిగినవి. గ్రామసభలలోను, మండల కేంద్రములందలి ప్రజావేదికలలోను ఫలితములు ప్రకటింపబడినవి. 2009లో ఇందులకై ప్రత్యేక సంస్థయు ఏర్పడినది. తెరపైనున్న అంకె, కూలివాని నోటి మాటతో సరిపోలినప్పుడే లెక్క నిజమగునని ఈ అనుభవము నేర్పుచున్నది.

మూసియుంచవలసినవి

తెరచియుంచుట యనగా అన్నియు బయట పెట్టుట కాదు. పంచాయతీ ధనము ప్రజలది. దాని లెక్క ప్రజలకు తెలియవలయును. ఒకరి ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, రోగ వివరములు వారి సొంతము. వీనిని గోడపై అంటించుటయు, వాట్సాప్ గుంపులలో పంపుటయు తగదు. వ్యక్తుల సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టమును చేసియున్నది.

సభ్యులు చేయదగిన పనులు

1. నెలకొకసారి ఈ-గ్రామ్ స్వరాజ్ నందు తమ పంచాయతీ పుటను తెరచి, చెల్లింపులను తీర్మానముల పుస్తకముతో సరిచూడవలయును.

2. ఆ వివరములను తెలుగులో కాగితముపై వ్రాయించి, గ్రామ సచివాలయపు నోటీసు బోర్డుపై ఉంచవలయును. ఫోను లేని వృద్ధునకును అదియే అంతర్జాలము.

3. తీర్మానములు యూనికోడ్ తెలుగులోనే టైపు చేయించి, ఒక ప్రతిని కార్యాలయమున భద్రపరుపవలయును.

4. గ్రామసభలో అంకెలను బిగ్గరగా చదివి, ప్రశ్నలకు అవకాశమీయవలయును.

చర్చకు ప్రశ్నలు: మీ పంచాయతీ చేసిన కడపటి మూడు చెల్లింపులు ఏ పనులకు? ఆ పనులను మీరు కన్నులారా చూచితిరా? ఆ వివరములు మీ గ్రామమున ఎందరికి తెలియును?

ప్రశ్నించు గ్రామస్థుని చూచి సభ్యుడు జంకనక్కరలేదు. పద్దు తెరచియున్నచోట నిందకు తావు తగ్గును. నిజాయితీగా పనిచేసిన వానికి అంతకు మించిన సాక్ష్యము వేరొకటి లేదు.