చిన్న కెటిల్, పెద్ద సమోవార్



ఈ ఏడాది తెలుగు తరగతి మొదలైన రోజున మేము అందరినీ "మీ ఊరేది?" అని అడిగాం. ఒక అమ్మాయి వెంటనే చెప్పలేదు. "ఏ ఊరు చెప్పాలి మేడమ్? పుట్టిన ఊరా, ఇప్పుడున్న ఊరా, తాతగారి ఊరా?" అని తిరిగి అడిగింది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరిదీ అదే ప్రశ్న కదా! ఇన్ని బదిలీలు చూసిన మాకూ ఆ రోజు జవాబు తోచలేదు. ఈ పాఠం తయారుచేస్తుంటే కొంత తోచింది.

సమోవార్ అంటే ఏమిటి?

రష్యాలో టీ కోసం నీళ్ళు కాచే లోహపు పాత్ర సమోవార్. ఆ మాటకు 'తానే కాచేది' అని అర్థం. అమ్మమ్మగారింట్లో స్నానానికి నీళ్ళు కాచే రాగి బాయిలర్‌ను చూశారా? ఇదీ అలాగే పనిచేస్తుంది. నడుమ నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. అందులో బొగ్గులు, పుల్లలు, పైన్ చెట్టు కాయలు వేసి నిప్పు రాజేస్తారు. గొట్టం చుట్టూ నీళ్ళుంటాయి. నిప్పు నీళ్ళ మధ్యలోనే ఉంటుంది కాబట్టి నీళ్ళు త్వరగా కాగుతాయి, చాలాసేపు వేడిగా ఉంటాయి. కింద ఒక కుళాయి ఉంటుంది.

టీ రష్యాకు ఎలా వచ్చింది?

1638లో మంగోల్ పాలకుడు అల్తన్ ఖాన్ రష్యా చక్రవర్తి మిఖాయిల్‌కు తేయాకును కానుకగా పంపాడు. 1727లో రష్యా, చైనాల మధ్య క్యాఖ్తా ఒప్పందం కుదిరాక వ్యాపారం పెరిగింది. ఒంటెల బిడారులు నెలల తరబడి నడిచి తేయాకు మోసుకొచ్చేవి.

మాస్కోకు దక్షిణాన ఉన్న తూలా నగరం తుపాకుల తయారీకి పేరు పొందింది. లోహపు పనిలో ఆరితేరిన ఆ ఊళ్ళోనే 1778లో లిసిత్సిన్ సోదరులు సమోవార్లు చేయడం మొదలుపెట్టారు. క్రమంగా ఊరు ఊరంతా ఆ పనికి ప్రసిద్ధి చెందింది. "తూలాకు వెళ్తూ సొంత సమోవార్ మోసుకెళ్ళకు" అని రష్యన్ల సామెత. ప్రయాణాల కోసం కాళ్ళు ఊడదీసి సర్దుకునే చిన్న సమోవార్లు కూడా ఉండేవి. సామాను సర్దడం మీకు కొత్త కాదు కనుక అవి మీకు నచ్చుతాయి.

టీ ఎలా తాగుతారు?

సమోవార్‌లో టీ ఉండదు, వేడినీళ్ళే ఉంటాయి. దాని నెత్తిన ఒక చిన్న కెటిల్ పెడతారు. అందులో చిక్కటి డికాషన్ ఉంటుంది. దాన్ని 'జవార్కా' అంటారు. కప్పులో కొంచెం డికాషన్ పోసుకుని, కుళాయి తిప్పి ఎవరికి కావలసినన్ని నీళ్ళు వాళ్ళు కలుపుకుంటారు. సాధారణంగా పాలు కలపరు. నిమ్మకాయ ముక్క వేసుకుంటారు, పళ్ళతో చేసిన తీపి పాకాన్ని చెంచాతో తింటూ తాగుతారు. కొందరు చక్కెర ముక్కను పళ్ళ మధ్య పెట్టుకుని తాగేవారు. మన పెద్దవాళ్ళలాగే సాసర్‌లో పోసుకుని చల్లార్చుకునే అలవాటూ ఉండేది. రైళ్ళలో నేటికీ లోహపు పట్టీలో పెట్టిన గాజు గ్లాసులో టీ ఇస్తారు.

ఒక మాట, రెండు దారులు

చైనాలో ఒక ప్రాంతంవాళ్ళు 'చా' అన్నారు, సముద్రతీరపు ఫూజియన్‌వాళ్ళు 'తే' అన్నారు. నేలదారిన వెళ్ళిన 'చా' రష్యాలో, హిందీలో 'చాయ్' అయింది. ఓడలెక్కిన 'తే' యూరప్ చేరి 'టీ' అయింది. తెలుగులో రెండూ ఉన్నాయి. హైదరాబాద్‌లో చాయ్ అంటాం, విజయవాడలో టీ అంటాం. సమోవార్ అనే మాట కూడా ఊరూరా తిరిగింది. కాశ్మీర్‌లో రాగి సమోవార్ ఉంది, అయితే అక్కడ టీని అందులోనే కాస్తారు. కేరళ టీ కొట్లలోని బాయిలర్‌ను కూడా సమోవార్ అనే అంటారు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. వేడినీళ్ళు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. కొత్త బడి, కొత్త స్నేహితులు, కొత్త భాష అలాంటివి. అవి ఎన్నయినా కలుపుకోవచ్చు. కానీ కెటిల్‌లో డికాషన్ లేకపోతే అవి ఉత్త వేడినీళ్ళే. మనకు ఆ డికాషన్ ఇంట్లో మాట్లాడే తెలుగు. వారానికి కొన్ని పీరియడ్లే దొరికినా, చిక్కగా ఉంటే చాలు. అయితే డికాషన్ నిలవ ఉండదు, రోజూ కొత్తగా కాచుకోవాలి.

కాబట్టి అమ్మా, మూడు ఊళ్ళూ నీవే. మూడింటి పేర్లూ చెప్పు. తెలుగులో చెప్పు.

అభ్యాసం

1. 'తేయాకు' పదాన్ని విడదీయండి. మధ్యలో 'య' ఎలా వచ్చింది? (సూచన: యడాగమం)
2. మీరు ఉన్న ఊళ్ళలో టీని ఏమంటారో రాయండి. 'చా' దారివి, 'తే' దారివి వేరు చేయండి.
3. తాతయ్యకో అమ్మమ్మకో ఐదు వాక్యాల ఉత్తరం తెలుగులో రాసి పంపండి. జవాబు వస్తే తరగతిలో చదివి వినిపించండి.