మెదడు గాయం – ఇంటిలో పరిచర్య

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి – ఈ నాలుగూ చికిత్సకు పాదాలని చరక సంహిత చెప్పుచున్నది. త్రిమర్మలలో ఒకటైన శిరస్సు దెబ్బతిన్నపుడు మొదటి రెండు పాదాల పని ముఖ్యంగా ఆసుపత్రిలో జరుగును. ఇల్లు చేరిన పిమ్మట భారం మూడవ పాదంపై పడును.

రోడ్డు ప్రమాదం, పక్షవాతం, మెదడువాపు వచ్చి తగ్గినవారిలో కాలుచేతులు స్వాధీనమైనను జ్ఞాపకం, మాట, ఓర్పు పూర్వంవలె ఉండకపోవచ్చును. “కావాలనే చేస్తున్నాడు” అని బంధువులు నిందింతురు. రోగిని మిక్కిలి కృంగదీయునది ఈ మాటయే. ఆ కోపం, మతిమరుపు గాయపు లక్షణాలు. స్వభావ దోషాలు కావు.

పాటించవలసినవి: నిద్ర, స్నానం, భోజనం నిత్యం ఒకే వేళకు జరిపించండి. ఒకసారి ఒక పనే చెప్పండి. దినచర్యను పెద్ద అక్షరాలతో గోడపై వ్రాసి ఉంచండి. తాను చేసికొనగల పనిని ఆలస్యమైనను తననే చేయనివ్వండి. మద్యం నిషిద్ధం. మూర్ఛ మందులు వైద్యుని అనుమతి లేక మానరాదు. కపాలపు ఎముక తొలగించిన చోట మర్దన కూడదు. శస్త్రవైద్యుని అడుగక నస్యం, శిరోధార చేయించరాదు.

వ్యాయామ చికిత్సకు, మాట శిక్షణకు బెంగళూరు నిమ్హాన్స్‌లో నాడీ పునరావాస విభాగం ఉన్నది. వైకల్యం మిగిలినచో సదరం శిబిరంలో పరీక్ష చేయించి ధ్రువపత్రం పొందవలెను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి ప్రత్యేక హక్కులు కల్పించినది.

రేయింబవళ్ళు పరిచర్య చేయు ఇల్లాలు సయితం అలసిపోవును. ఇరుగుపొరుగువారు వారానికి ఒక పూట రోగి చెంత కూర్చున్నచో ఆమెకు నిద్ర దొరకును. అదియు చికిత్సలో భాగమే.