అరవై కిలోమీటర్లే కదా!

మన వైపు ఊళ్ల పేర్లు ఒకసారి వరసగా అనుకోండి: ఆమదాలవలస, నాతవలస, తగరపువలస, చిట్టివలస, కొత్తవలస. ఉన్న చోటు చాలక ఎవరో ఎప్పుడో మూటాముల్లె నెత్తిన పెట్టుకొచ్చి దిగిన చోట్లే ఇవన్నీ. ఊరు మారడం మనకి కొత్త కాదు. మారేముందు ఒకర్ని సలహా అడగడమే కొత్త.

మా మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. వైజాగ్ సీతమ్మధారలో అద్దెకుంటున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారానికి రెండు రోజులు ఆఫీసుకెళ్తే చాలట. “మావయ్యా, విజయనగరం వచ్చేద్దామనుకుంటున్నాం. అద్దె తక్కువ, అమ్మకి మీరు దగ్గర. వైజాగ్ ఎంతని, అరవై కిలోమీటర్లే కదా!” అన్నాడు.

ఆ ‘లే కదా’ దగ్గర నాకు నవ్వొచ్చింది. 1981లో నేనూ అదే మాట అని ఈ ఊళ్లో దిగాను. మాది నరసన్నపేట వైపు పల్లె, ఉద్యోగం వైజాగ్‌లో. శ్రీకాకుళంలో ఉందామంటే వైజాగ్ వంద కిలోమీటర్ల పైమాట. పైగా రైలు స్టేషను ఊళ్లో లేదు, ఆమదాలవలస వెళ్లాలి. విజయనగరానికైతే స్టేషను ఊళ్లోనే ఉంది. అప్పటికి ఈ జిల్లా పుట్టి రెండేళ్లు. అలా చేరినవాణ్ని ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. వాడికి ఫోన్లో సగం చెప్పాను. మిగిలింది ఇదిగో.

1. దూరాన్ని ఆఖరి బండితో కొలువు.

అరవై కిలోమీటర్లన్నది ఉదయం లెక్క. సాయంత్రం లెక్క వేరు. ఆఫీసులో పెద్దాయన ఐదింటికి పిలిచి “ఈ కాగితం చూసి వెళ్లు” అంటే ఆ అరవై నూట అరవై అయిపోతుంది. నేను పాసింజరు మీద సీజన్ టికెట్టుతో ఇరవై ఏడేళ్లు తిరిగాను. కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి, సింహాచలం... నిద్రలో లేపి అడిగినా చెప్తాను. సీటు ఆపడానికి కిటికీలోంచి తువ్వాలు విసిరేవాళ్లం. బ్రీఫ్‌కేసు మీద పేకాట. ఆడ ఉద్యోగులైతే ఇంటికెళ్లగానే పొయ్యి మీద పడేయడానికి చిక్కుళ్లు రైల్లోనే ఒలుచుకునేవారు. ఎవరింట్లో ఆవపెట్టిన కూరో, ఎవరింట్లో బెల్లం వేసిన పులుసో క్యారేజీ మూత తీయకుండానే చెప్పేసేవాళ్లం. ఆ స్నేహాలు ఇప్పటికీ ఉన్నాయి, అబద్ధమెందుకు.

కానీ రిటైరయ్యాక ఒకనాడు కాగితం తీసుకుని లెక్క వేశాను. రోజుకి మూడున్నర గంటలు, ఏడాదికి 280 రోజులు, 27 ఏళ్లు: మొత్తం 26,460 గంటలు. రాత్రీ పగలూ కలిపి మూడేళ్లు రైల్లోనే బతికానన్నమాట. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి హైస్కూలు దాటేవరకు వారపు రోజుల్లో నేను దాన్ని ఎక్కువగా నిద్రపోతుండగానే చూశాను.

“నాది రెండు రోజులే కదా మావయ్యా” అన్నాడు వాడు. ఈ ఏడాది రెండు రోజులన్నవాళ్లు వచ్చే ఏడాది ఐదు రోజులంటే ఏం చేస్తావో ఇప్పుడే ఆలోచించుకో అన్నాను. అలాగే, 2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి, అలమండల మధ్య పలాస పాసింజరు వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దినప్పుడు, ఈ ఊళ్లో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు తమవాళ్లకి ఫోన్లు కొడుతూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. రోజూ ఎక్కే బండిని మనం ఇంట్లో గదిలా అనుకుంటాం. అది గది కాదు.

2. పండగనాడు చూసి ఊరిని ప్రేమించకు.

దసరా వెళ్లిన మంగళవారం మా పైడితల్లమ్మ సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ పొడవాటి మాను చివర గాల్లో పూజారి కూర్చుంటారు, కింద జనం అరటిపళ్లు విసురుతారు. ఆ రోజు చూసినవాడు ఎవడైనా “ఉంటే ఈ ఊళ్లోనే ఉండాలి” అనుకుంటాడు. మీ అత్త అలాగే అనుకుంది.

మే నెలలో రా. మామూలు బుధవారం రా. మధ్యాహ్నం ఒంటిగంటకి గంటస్తంభం దగ్గర నిలబడు. కుళాయి ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, వేసవిలో రోజూ వస్తుందా అని ఇంటాయన్ని కాదు, పక్కింటావిడని అడుగు. ఇంటాయనకి ఎప్పుడూ నీళ్లు పుష్కలమే. మా ఊరు తాగే నీళ్లలో చంపావతి ఇసుకలోంచి తోడుకొచ్చేవి చాలానే. నెల్లిమర్ల, రామతీర్థం అని వినగానే భక్తి పుట్టొచ్చుగానీ ఏటి ఇసుక ఎండితే రాముడూ ఏమీ చెయ్యలేడు. బాబామెట్టలో మొదట అద్దెకున్న ఇంట్లో మేం ఈ ప్రశ్న అడగలేదు. ఏప్రిల్లో బోరు గొంతు ఎండింది. తెల్లారి నాలుగింటికి లేచి బిందెలు మోసి, ఆరున్నర పాసింజరుకి పరిగెత్తిన వేసవి అది. ఆ ఏడు నేను ఎనిమిది కిలోలు తగ్గాను. మీ అత్త మాత్రం, “పోనీలెండి, బొజ్జ పోయింది” అంది.

3. మనుషులు మధ్యాహ్నం ఎక్కడుంటారో చూడు.

దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నాకు ఇది తెలిసింది ఇక్కడ కాదు, అమెరికాలో.

మా అమ్మాయి షికాగోకి పడమటి దిక్కున ఉండే అరోరాలో ఉంటుంది. అదీ షికాగో నుంచి మనలాగే అరవై కిలోమీటర్ల చిల్లర దూరం. జనం లక్షా ఎనభై వేలు. మన విజయనగరంలో 2011 లెక్కల్లోనే రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలమంది ఉన్నారు. అంటే అది మనకన్నా చిన్నదే, కాని ఇల్లినాయ్ రాష్ట్రంలో రెండో పెద్ద నగరమట! అక్కడి నుంచి షికాగోకి రైలుంది, గంట పైన పడుతుంది. అమ్మాయి పక్క వీధిలో ఒక తెలుగాయన రోజూ ఆ రైల్లోనే వెళ్లొస్తాడు. మొదటి రోజు మా ఇద్దరికీ అరగంట మాట తెగలేదు. ఆలస్యం, సీటు, చలికాలం ప్లాట్‌ఫారం మీద నిలబడడం... అక్కడి మంచు తీసేసి మన చెమట పెడితే నా కథే.

ఆరు నెలలున్నాను. రోజూ నడకకి వెళ్లేవాణ్ని. కొత్తగా కట్టిన కాలనీల్లో ఉదయం తొమ్మిది దాటితే పిట్ట లేదు. ఇళ్లన్నీ పడకగదులే అనిపించేది. అదే ఫాక్స్ నది ఒడ్డున పాత ఊరికి వెళ్తే వేరే లోకం. అరోరా ఒకప్పుడు రైలు కార్ఖానాల ఊరు. 1881లోనే వీధుల్లో కరెంటు దీపాలు పెట్టుకున్న ఊరు. 1931లో కట్టిన పారమౌంట్ థియేటరు ఇంకా ఆడుతోంది. షికాగో లేకపోయినా ఈ ఊరు ఉండేదే అని తెలిసిపోతుంది. మనవాళ్లు 1980ల్లో అక్కడ బాలాజీ గుడి కట్టుకున్నారు. శనివారం గుడి వంటశాలలో పులిహోర వాసన తగిలితే అది అమెరికాయో అమలాపురమో తెలియదు.

తిరిగొచ్చాక మన ఊరిని ఆ కళ్లతో చూశాను. వైజాగ్‌కి ఇంకా రైలు రాని రోజుల నుంచీ ఇక్కడ కోట ఉంది. మహారాజా వారి కళాశాల ఉంది. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాలు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల నేర్చుకున్నది ఇక్కడే, సుశీల గారూ ఇక్కడే. గురజాడ వారి ఇల్లు ఇప్పటికీ నిలబడి ఉంది. మధ్యాహ్నం మూడింటికి కూడా సంగీత కళాశాల పక్కనుంచి వెళ్తే ఎవరో ఒకరు సరళీ వరసలు దిద్దుకుంటూ వినపడతారు. అపస్వరాలతో సహా.

కాబట్టి విజయనగరం రావాలంటే ఈ ఊరి కోసం రా. వైజాగ్ పక్కన చవగ్గా దొరికిందని వస్తే, వైజాగ్ అద్దె తగ్గిన రోజున ఈ ఊరు నీకు చేదైపోతుంది.

4. రాబోయే దాని ధర ఇప్పుడే కట్టకు.

“భోగాపురంలో ఎయిర్‌పోర్టు వచ్చేస్తోంది కదా, ఇప్పుడే ఒక ప్లాటు...” అని వాడు మొదలెట్టేలోపే ఆపేశాను. ఆ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. రెండు కొబ్బరికాయలకీ భూమి ధర రెండుసార్లు పెరిగింది. విమానం ఎగిరితే మంచిదే, నేనూ ఎక్కుతాను. కానీ విమానం ఎగరక ముందే ధర ఎగిరిపోయిన చోట నీకు మిగిలేదేటి?

నా సంగతి చెప్తాను. తొంభైల్లో రింగు రోడ్డు దాటాక ఒక లేఅవుట్లో స్థలం కొన్నాను. ఎండాకాలం చూశాను, బల్లపరుపుగా ఉంది, తెల్లటి రాళ్లు పాతి ఉన్నాయి. మధ్యవర్తి మా వైపువాడే, “బావూ బావూ” అంటూ టీ తాగించాడు. జులైలో వాన పడ్డాక వెళ్తే నా స్థలం మీంచి గెడ్డ పారుతోంది! రాళ్లూ లేవు, మధ్యవర్తీ లేడు. గట్టు మీద గేదెల్ని కాస్తున్న ముసలాయన, “ఇది గెడ్డే కదా బావూ, మా తాత కాలం నుంచీ గెడ్డే. మీరు సూసుకోనేదేటి?” అన్నాడు. అంత మంచి సర్వేయరు నాకు మళ్లీ తగల్లేదు. అనుమతి కాగితాలు పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏలో అడుగు, వాననీటి దారి గేదెలవాణ్ని అడుగు.

5. రెండో ఉద్యోగం ఉందా?

మొదటిది పోతే? కోడలు ఉద్యోగం చెయ్యాలనుకుంటే? పెద్దూళ్లో ఒక తలుపు మూసుకుంటే పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడ్డప్పుడు అదే పనికి ఇంకో మిల్లు వెతుక్కోవడం తేలికా? నెల్లిమర్ల ఉందంటావేమో, అక్కడా సైరను మోగిన ఏళ్లకన్నా మోగుతుందా అని ఎదురుచూసిన నెలలే జనానికి గుర్తు. నీది కంప్యూటర్ ఉద్యోగమే, నిజమే. కానీ ఆలోచించు.

6. ఒంట్లో బాగోని రాత్రి.

మన ఊళ్లలో పెద్ద జబ్బుకి మందు ఒక్క మాట: “వైజాగ్ తీసుకెళ్లిపోండి.” ఇప్పుడు కాస్త నయం. 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, శ్రీకాకుళంలో రిమ్స్ ఎప్పటినుంచో ఉంది. అయినా ఆ మాట ఇంకా వినపడుతూనే ఉంటుంది. పదేళ్ల కిందట మీ అత్తకి గుండెల్లో నొప్పి వచ్చింది. రాత్రి రెండు. ఇక్కడి ఆసుపత్రిలో ఆ మాటే అన్నారు. అంబులెన్సులో పక్కన కూర్చుంటే ఆనందపురం ఎంతకీ రాదు. ఇరవై ఏడేళ్లు రోజూ తిరిగినవాణ్ని, అరవై కిలోమీటర్లంటే ఎంతో ఆ రాత్రే తెలిసింది. దేవుడి దయ, బతికింది, ఇప్పుడు నన్ను తిడుతోంది కూడా.

మీ అమ్మకి డెబ్బై రెండు. ఇల్లు చూసేముందు రాత్రి పూట గుండె డాక్టరు ఊళ్లో ఉంటాడా, ఆదివారం ఆదివారం వచ్చి వెళ్తాడా అన్నది చూడు.

7. ఏడాది అద్దెకుండు. కొనకు. ఎవరు చెప్పినా కొనకు, నేను చెప్పినా సరే.

8. ఎవరి తాలూకా?

వైజాగ్‌లో నీ పక్క ఫ్లాటాయన పేరు నీకు తెలుసా? ఇక్కడ దాసన్నపేటలో కూరలు కొంటుంటే కూడా “మీదే ఊరు? ఎవరి తాలూకా?” అని అడుగుతారు. నాలుగు ప్రశ్నల్లో మీ ముత్తాత దాకా వెళ్లిపోతారు. మొదట్లో విసుగ్గా ఉంటుంది. మీ పాప ఆలస్యంగా ఇంటికొస్తే ఏ వీధి మలుపులో ఆగిందో మీకన్నా ముందు పాలవాడికి తెలుస్తుంది. ఇది వరమో శాపమో నీ స్వభావం మీద ఉంటుంది. కోడలి స్వభావం మీద ఇంకా ఎక్కువ. దాన్ని అడిగావా? అడగలేదని నాకు తెలుసు.

ఇంకోటి. శ్రీకాకుళం వైపు నుంచి వైజాగ్ ఆసుపత్రికో, ఇంటర్వ్యూకో, పెళ్లిబట్టలకో వెళ్లే ప్రతి చుట్టానికీ మధ్యలో నీ ఇల్లు తగులుతుంది. “దారే కదా, ఓ పూట దిగీసి ఎల్తాం” అంటారు. నలభై ఏళ్లుగా మా ఇల్లు సత్రమే. మీ అత్త ఎప్పుడూ ఆరు గిద్దెలు ఎక్కువే వండుతుంది. ఎవరూ రాని రోజు ఆ అన్నం చూసి దిగులు పడుతుంది.

ఇంతా విని మేనల్లుడు మే నెల రెండో బుధవారం వచ్చాడు. కోడల్నీ వెంటబెట్టుకొచ్చాడు, అది మంచిపని. ఒంటిగంటకి గంటస్తంభం దగ్గర నిలబడ్డారట, చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చారు. తోటపాలెంలో ఒక ఇల్లు చూసి, పక్కింటావిడని కుళాయి సంగతి కోడలే అడిగిందట. ఆవిడ నీళ్ల గురించి చెప్పి, వీళ్లు ఎవరి తాలూకానో తెలుసుకుని, మజ్జిగిచ్చి పంపింది.

సాయంత్రం వాడు వెళ్లేముందు చెప్పులేసుకుంటూ, “మావయ్యా, కాంప్లెక్స్ నుంచి వైజాగ్‌కి ఆఖరి బస్సు ఎన్నింటికి?” అన్నాడు.

“నాకు తెలుసు, కానీ చెప్పను. ఎన్నింటికో ఉండి చూసి, అందులోనే వెళ్లండి” అన్నాను.

కోడలు నవ్వి చెప్పులిప్పేసి మళ్లీ లోపలికొచ్చి కూర్చుంది. మా ఆవిడ అప్పటికే ఇంకో గ్లాసు బియ్యం కడుగుతోంది.