కంద: పెరటి దుంప, పాకశాల విద్య

చమఖండి మొదలు బరంపురం వరకు గంజాం జిల్లా తెలుగు కుటుంబాలకు కంద చిరపరిచితమైన దుంప. సంస్కృతంలో దీనిని సూరణమని, ఒడియాలో ఓలుఅ అని వ్యవహరిస్తారు. సంతలో ఏ పేరుతో అడిగినా లభించే దుంప ఒక్కటే.

కందకు సహజంగా దురద గుణం ఉంది. దుంపలో సూదులవంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. అవి చర్మానికి, నాలుకకు, గొంతుకు గుచ్చుకొని మంట పుట్టిస్తాయి. కనుక కందను పచ్చిగా తినరాదు. దీనిని తినదగినదిగా మార్చినది మన పెద్దల పాకవిద్యయే. చేతులకు నూనె రాసుకొని చెక్కు తీయడం, ముక్కలను చింతపండు నీటిలో మెత్తగా ఉడికించి, ఆ నీటిని వంచివేయడం అందలి ముఖ్య సూత్రాలు. ఉడికిన ముక్కలకు బచ్చలి కూర, చింతపండు పులుసు చేర్చి, ఆవ పెట్టి, పోపు వేస్తే కంద బచ్చలి సిద్ధమవుతుంది. శుభకార్యాల విందులలో ఈ కూరకు ప్రత్యేక స్థానం ఉంది. గోదావరి తీరాన కొవ్వూరు ప్రాంతంలో ఎంపిక చేసిన 'గజేంద్ర' రకంలో దురద స్వల్పం.

ఆయుర్వేదం కందకు 'అర్శోఘ్నము' అని పేరు పెట్టింది. మూలవ్యాధిని హరించేది అని దాని అర్థం. శార్ఙ్గధర సంహితలో సూరణ వటకమనే ఔషధం చెప్పబడింది. అయితే ఈ పేరును నమ్ముకొని స్వయంగా చికిత్స చేసుకోవడం క్షేమం కాదు. మలంలో రక్తం కనిపించినప్పుడు అది మూలవ్యాధియే కానవసరం లేదు. ప్రేగులలోని తీవ్రమైన వ్యాధికి సూచన కూడా కావచ్చు. కావున ముందుగా వైద్యపరీక్ష చేయించుకోవాలి. మూత్రపిండాలలో ఆక్సలేట్ రాళ్లు ఏర్పడినవారు వైద్యుని సలహా లేనిదే కందను భుజించరాదు. తిన్న పిమ్మట నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

మొలక కన్ను గల ముక్కను వేసవిలో నాటితే సుమారు ఎనిమిది, తొమ్మిది నెలలకు ఆకు పండి వాలుతుంది. అదే దుంప త్రవ్వుటకు తగిన సమయం. కొద్దిపాటి పెరడు ఉన్నవారు సైతం దీనిని పెంచవచ్చు. దుంపతోపాటు దానిని వండే పద్ధతిని కూడా పిల్లలకు నేర్పాలి. ఆ పద్ధతి తెలిసిన ఇంట కంద ఆహారం. తెలియని ఇంట అదే బాధాకరం.