ఎనిమిది అంగుళాల కారు

1950లలో అమెరికాలో కొత్త కారు చూడటానికి తండ్రి వెంట షోరూముకు వెళ్లిన పిల్లవాడి చేతికి ఒక్కోసారి ఒక చిన్న కారు అందేది. ఎదురుగా నిలబెట్టిన పెద్ద కారుకు అది అచ్చుగుద్దిన ప్రతి. అదే గ్రిల్, అవే తోక రెక్కలు, కంపెనీ ఆ ఏడు వేసిన అదే రంగు. ఈ కార్లను కంపెనీలే ప్రచారం కోసం చేయించి డీలర్లకు పంపేవి. సేకర్తలు వీటిని ‘ప్రోమో’లంటారు.

వీటిని చేసినవాళ్లలో పేరున్నవి మూడు సంస్థలు: మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఏఎంటీ, డెట్రాయిట్‌లో జో-హాన్, మిల్వాకీలో పీఎంసీ. ఏఎంటీలో మొదటి అక్షరం అల్యూమినియానిది. 1948 ప్రాంతంలో అది చేసిన తొలి ఫోర్డ్ కారు అల్యూమినియంతో పోసినదే. జో-హాన్‌ను పెట్టిన జాన్ హ్యాన్లీ అచ్చులు చెక్కే పనివాడు. ఆయన పేరే సంస్థ పేరైంది. కారు బాడీ రేకులను ప్రెస్సులో ఒత్తే అచ్చులు ఎలా పుట్టేవో, ఈ చిన్న కారు అచ్చులూ అలాగే పుట్టేవి. అందుకే ఇది బొమ్మల పని కాదు, అచ్చుల పని. ఆ పని ఎలా సాగేదో వరసగా చూద్దాం.

1. డ్రాయింగులు

అమెరికాలో కొత్త మోడళ్లు ఏటా శరదృతువులో బయటికొచ్చేవి. ఆ రోజుకు చిన్న కారూ సిద్ధంగా ఉండాలి. కాబట్టి కంపెనీ తన డ్రాయింగులను, రంగు నమూనాలను నెలల ముందే, గుట్టుగా అప్పగించేది. ఆ తర్వాత అసలు కారులో ఏదైనా అలంకారం మారితే, చిన్న కారు మీద పాతదే ఉండిపోయేది. కంపెనీ ముందు ఏమనుకుందో ఇలాంటి ప్రోమోలే నేటికీ చెబుతున్నాయి.

2. లెక్క

ఎక్కువగా వాడిన కొలత 25కు 1. 1957 షెవర్లే బెల్ ఎయిర్ పొడవు 200 అంగుళాలు. ఈ లెక్కన అది 8 అంగుళాలకు దిగుతుంది. చిక్కు మందం దగ్గర వస్తుంది. అసలు బాడీ రేకు సుమారు 1 మిల్లీమీటరు. దాన్ని 25తో భాగిస్తే 0.04 మిల్లీమీటరు. అంత పలచగా ప్లాస్టిక్ పోయలేరు. తలుపుకూ మడ్‌గార్డుకూ మధ్య 5 మిల్లీమీటర్ల సందు ఉంటే, ఇక్కడ అది 0.2 మిల్లీమీటర్ల గీత. లెక్క ప్రకారమే చెక్కితే ఆ గీత కంటికి ఆనదు. కాబట్టి ఎక్కడ లెక్క పాటించాలో, ఎక్కడ కంటిని నమ్మాలో పనివాడు తేల్చుకోవాలి. ప్రోమోను చూడగానే ‘ఇది ఆ కారే’ అనిపించిందంటే ఆ నిర్ణయం సరిగ్గా కుదిరినట్టు.

3. కర్ర నమూనా

డ్రాయింగు నుంచి కొలపలకలు కోసుకుని, గట్టి కర్రతో నమూనా చెక్కుతారు. చివరి కారు కంటే దీన్ని పెద్దగా చేస్తారు. పెద్ద నమూనాలో పొరపాటు జరిగితే, కుదించినప్పుడు అదీ చిన్నదైపోతుంది. బానెట్ వంపు, పైకప్పు వాలు ఇక్కడే ఖాయమవుతాయి. చేతివేళ్లతో తడిమి ఎత్తుపల్లాలు పసిగట్టే పని ఇది.

4. ఉక్కు అచ్చు

నమూనా నుంచి తీసిన ప్రతిని పాంటోగ్రాఫ్ యంత్రానికి బిగిస్తారు. దాని ఒక చేతికి ఉన్న మొన పెద్ద రూపం మీద నడుస్తుంటే, రెండో చేతికున్న కత్తి అదే కదలికను చిన్నగా చేసి ఉక్కులో తొలుస్తుంది. ప్లాస్టిక్ చల్లారాక కాస్త ముడుచుకుంటుంది గనుక, అచ్చును ఆ మేరకు పెద్దగా తొలచాలి. ముడత అర శాతమే అయినా 8 అంగుళాల మీద అది 1 మిల్లీమీటరు.

బాడీ మొత్తం ఒకే ముక్కగా రావాలంటే అచ్చు ముందుకు, వెనక్కు, పక్కలకు విడివడాలి. ఆ ముక్కలు కలిసే చోట సన్నని గీత పడుతుంది. మడ్‌గార్డు అంచు మీద కనిపించే గీత అదే. చివరి సానను పనివాడు చేత్తోనే పెడతాడు.

5. పోత

కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అచ్చులోకి నింపి, చల్లార్చి, బాడీని బయటికి తీస్తారు. 1950లలో వాడింది సెల్యులోజ్ అసిటేట్. దాన్ని మెత్తగా ఉంచే రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ ఇగిరిపోతుంది. అందుకే ఆనాటి ప్రోమోలు చాలావరకు వంగి కనిపిస్తాయి. 1960ల మొదట్లో పాలిస్టైరిన్ వచ్చాక ఈ వంకర తగ్గింది.

6. రంగు, మెరుగు

బంపర్లు, గ్రిల్, చక్రాల మూతలు విడిగా పోస్తారు. వాటికి వార్నిష్ పూత వేసి, గాలి తీసేసిన గదిలో పెట్టి అల్యూమినియాన్ని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి సన్నని పొరగా పట్టి క్రోమ్‌లా మెరుస్తుంది. బాడీకి మాత్రం కంపెనీ రంగే. కొనుగోలుదారు ఆ రంగును అరచేతిలో పెట్టుకుని చూడగలగాలి.

7. కూర్పు

అద్దాలు, ఇరుసులు, చక్రాలు బిగించి, కింది పలకకు స్క్రూలు వేస్తే కారు సిద్ధం. కొన్నింటికి నేల మీద తోసి వదిలితే పరుగెత్తే ఫ్రిక్షన్ మోటారు ఉండేది. ఆ అచ్చుల శ్రమ అక్కడితో ఆగలేదు. 1958లో ఏఎంటీ అదే బాటలో, పిల్లలే విడిభాగాలు అతికించుకునే కిట్లను తెచ్చింది.

ఈ పని విలువ తెలియాలంటే క్రైస్లర్ టర్బైన్ కారును చూడాలి. దాని బాడీలను ఇటలీలోని టూరిన్‌లో ఘియా సంస్థ చేసింది. 1960ల మొదట్లో మొత్తం 55 కార్లు తయారయ్యాయి. తర్వాత కంపెనీయే వాటిలో చాలావాటిని ధ్వంసం చేయించింది. మిగిలినవి 9. అయితే ఆ కారుకు జో-హాన్ చేసిన చిన్న ప్రతులు ఎందరో సేకర్తల అరల్లో ఇప్పటికీ ఉన్నాయి. మీ చేతికి ఎప్పుడైనా ఒక పాత ప్రోమో దొరికితే దాన్ని ఎండకూ వేడికీ దూరంగా ఉంచండి, వంగిందని పారేయకండి. అసలు కారు పోయినా దాని రూపాన్ని దాచి ఉంచింది ఆ 8 అంగుళాల ప్లాస్టిక్కే.