పరోపకారం – మనస్తత్వ శాస్త్రం

నిరుడు కాలువ నీళ్ళు వంతులవారీగా ఇస్తున్నప్పుడు మా నాన్న తన వంతు పక్క మడికి వదిలేశాడు. ఆ ఆసామితో మాకు రెండేళ్ళుగా మాటల్లేవు. ఆ రాత్రి నేను పోట్లాడితే, "వరి పొట్టమీదుంది, ఎండిపోతుంటే చూళ్ళేకపోయాన్రా" అన్నాడు.

చూడలేక చేస్తే అది పరోపకారమా, తన బాధ తీర్చుకోవడమా? స్వార్థవాదులు రెండోదే అంటారు.

ఈ చిక్కు విప్పడానికి అమెరికాలో డేనియల్ బాట్సన్ బృందం చేసిన ప్రయోగం 1981లో అచ్చయింది. ఒక యువతి విద్యుత్ షాకులు తింటున్నట్లు విద్యార్థులకు చూపించారు. నిజానికి అది నటన. కొందరిని రెండు షాకులు చూశాక వెళ్ళిపోవచ్చన్నారు. మిగతావాళ్ళు చివరిదాకా చూడాలి. సానుభూతి తక్కువైనవాళ్ళు, వెళ్ళే వీలుంటే చాలావరకు వెళ్ళిపోయారు. సానుభూతి ఎక్కువైనవాళ్ళలో అత్యధికులు, వీలున్నా పోకుండా, ఆమె బదులు షాకులు తాము తింటామన్నారు.

సాయం చేస్తే తమ మనసు తేలికపడుతుందనే అలా అన్నారని 1987లో రాబర్ట్ చాల్దీని బృందం వాదించింది. ఆ వాదన ఇంకా తెగలేదు.

నాకు మాత్రం ఒకటి గుర్తొచ్చింది. మా చేలోకి ఇంకో గట్టు దారి ఉంది. ఆ దారిన పోతే ఎండే మడి కంటపడదు. బాధ తప్పించుకోవడమే కావాలంటే నాన్నకి ఆ గట్టు చాలు. అయినా ఆ దారి తొక్కలేదు.