సినిమా పండుగ చెప్పే పాఠం

మోండా మార్కెట్‌లో దుకాణం దుకాణం తిరిగే హిజ్రాలను మనమందరం చూశాం. వారి చప్పట్లు మనకు తెలుసు, కథలు తెలియవు. వారి కథలనూ, స్వలింగ ప్రేమికుల కథలనూ తెరమీదికి తెచ్చేవే ఎల్‌జీబీటీ చలనచిత్రోత్సవాలు.

పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మరుసటి ఏడే ముంబైలో దర్శకుడు శ్రీధర్ రంగాయన్ ‘కశిష్’ ఉత్సవాన్ని ప్రారంభించారు. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అయినా ఉత్సవం ఆగలేదు. చట్టం నేరమంటున్న రోజుల్లోనూ ప్రేక్షకులు వచ్చి కూర్చున్నారు. హాజరు కావడమే మద్దతు అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. చివరికి 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టే అది నేరం కాదని తేల్చింది.

మన దగ్గర, ఆడవేషంలో వీధిలో కనిపించిన హిజ్రాను వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన 1919 నాటి చట్టాన్ని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది.

చట్టాలు మారాయి, నోళ్లు మారలేదు. ‘వెల్ఫేర్ హాస్టలోళ్లు’ అనిపించుకున్న మనకు వంకపేరు ఎలా గుచ్చుకుంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ముంబై దాకా వెళ్లలేకపోవచ్చు. మన గదిలో ఒక తమ్ముణ్ణి ‘ఆడంగి’ అని ఏడిపిస్తుంటే అడ్డుపడదాం. అదీ మద్దతే.